జనగణన నుంచి పటాలం కాగితాల దాకా: గోదావరి డెల్టాలో పెద్ద కుటుంబానికి వంశవృక్షం కట్టే పద్ధతి

మా తాతయ్యగారు అయిదుగురు అన్నదమ్ములు. ఆఖరాయన యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు. మా ఇంట్లో అందరికీ తెలిసింది అంతే. ఏ సంవత్సరం వెళ్ళారు, ఏ పటాలం, ఎక్కడ పోయారు అంటే ఎవరూ చెప్పలేకపోయారు. కొందరు బర్మా అన్నారు, కొందరు ఓడ మునిగిందన్నారు. మహాలయ పక్షంలో తర్పణం వదిలేటప్పుడు మాత్రం నాన్నగారు ఆయన పేరు తప్పకుండా చెప్పేవారు.

ఆ చిన తాతయ్యను వెతకడంతో మొదలైన పని నాలుగేళ్ళు సాగింది. ఇప్పుడు మా దగ్గర ఆరు తరాల వంశవృక్షం ఉంది, అందులో నాలుగు వందలకు పైగా మనుషులు ఉన్నారు. ఏది ముందు చూడాలో, ఏది తర్వాత చూడాలో తెలియక మొదటి ఏడాదంతా వృథా చేసుకున్నాను. మీకు అలా కాకూడదని ఆ వరసంతా ఇక్కడ రాస్తున్నాను. డెల్టాలో మూడు నాలుగు తరాలుగా ఉన్న ఏ కుటుంబానికైనా ఇది పనికొస్తుంది.

ముందు ఇంట్లో ఉన్నవి

ఆఫీసులకు వెళ్ళేముందు మీ ఇంట్లో, మీ బంధువుల ఇళ్ళల్లో వెతకండి. తద్దినం పెట్టే ఇళ్ళల్లో తండ్రి, తాత, ముత్తాత అని మూడు తరాల పేర్లు గోత్రంతో సహా నోటికి వచ్చి ఉంటాయి. తల్లి పుట్టింటివైపు మూడు తరాలూ ఉంటాయి. ఎనభై ఏళ్ళ పెద్దాయన దగ్గర ఒక పూట కూర్చుంటే ఆయన ముత్తాత పేరు దొరుకుతుంది. ఆయన మనవడి నుంచి లెక్కేస్తే అది అయిదు తరాల పైమాట. పుష్కరాల్లో పిండప్రదానం చేసేటప్పుడు పినతండ్రులు, మేనత్తలు, అత్తింటివాళ్ళు ఇలా చాలామంది పేర్లు చెబుతారు కాబట్టి, ముందే కాగితం మీద రాసుకుని వెళ్తారు. 2003, 2015 పుష్కరాల నాటి కాగితాలు ఇంకా పంచాంగాల మధ్యలోనో దేవుడి గూట్లోనో ఉండి ఉంటాయి. అడగండి. క్రైస్తవ కుటుంబాల్లో అయితే పాత బైబిల్ మొదటి పేజీల్లో పుట్టిన తేదీలు, బాప్తిస్మం తేదీలు రాసి పెట్టుకోవడం ఉంది.

చాలామంది పట్టించుకోనివి ఇంకో రెండున్నాయి. ఒకటి పెళ్ళి చదివింపుల పుస్తకం. ఎవరు ఎంత చదివించారో రాసిన ఆ పుస్తకంలో ఇంటిపేరు, ఊరు, ఒక్కోసారి వరస కూడా ఉంటుంది. మా మామ్మగారి పెళ్ళి పుస్తకంలో అరవై ఏళ్ళుగా రాకపోకలు లేని ఒక శాఖ మొత్తం దొరికింది. రెండోది ఇత్తడి, కంచు సామాను. బిందెలు, గుండిగలు, చెంబుల మీద పేరు, ఊరు, కొన్నింటి మీద తేదీ చెక్కించేవారు. అటక మీద సామాను దించి, చింతపండుతో తోమి, అక్షరాలను ఏటవాలు వెలుతురులో ఫోటో తీయండి. ఆడపిల్లకు పుట్టింటివాళ్ళు ఇచ్చిన సామాను కాబట్టి దాని మీద తరచు ఆవిడ పుట్టింటి పేరు ఉంటుంది.

ఇక మనుషుల దగ్గరకు వెళ్ళినప్పుడు మగవాళ్ళను ఒక రకంగా, ఆడవాళ్ళను ఇంకో రకంగా అడగాలి. మగవాళ్ళు పొలం వెంట చెబుతారు: ఎవరి వాటా ఎవరికి వెళ్ళింది, ఎవరు అమ్ముకున్నారు. ఆడవాళ్ళు పెళ్ళిళ్ళ వెంట చెబుతారు: ఎవరి పిల్లను ఏ ఊరిచ్చారు, ఎవరు పురిటికి వచ్చారు, ఎవరికి మేనరికం. పెద్ద కుటుంబానికి ఈ రెండోదే ఎక్కువ విలువైనది. మీ నాన్నగారి మేనత్త ఎవరైనా బతికి ఉంటే అన్నీ పక్కన పెట్టి రేపే వెళ్ళండి. ఆవిడతో మాట్లాడేటప్పుడు ఫోన్లో రికార్డు చేస్తానని చెప్పి, ఆవిడ సరేనన్నాకే చేయండి.

సంవత్సరాలు అడగొద్దు, సంఘటనలు అడగండి. “కాకినాడ మీద బాంబులు పడ్డప్పుడు మీరు బడికెళ్తున్నారా, ఇంకా చంకలో ఉన్నారా?” అంటే ఠక్కున చెబుతారు. జపాన్ విమానాలు కాకినాడ మీద బాంబులేసింది 1942 ఏప్రిల్ 6న. అలాగే 1953 ఆగస్టు వరదలు, 1986 ఆగస్టు వరదలు, 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తుపాను. 1967, 1979, 1991 పుష్కరాలు. ఇంకా పాత మాటల్లో ధాత కరువు వినిపిస్తే అది 1876–77. తెలుగు సంవత్సరం పేరు చెప్పినప్పుడు అరవై ఏళ్ళకు అదే పేరు మళ్ళీ వస్తుందని గుర్తుంచుకోండి. ధాత అంటే 1876 కావచ్చు, 1936 కూడా కావచ్చు.

పేర్ల చిక్కు, జిల్లాల చిక్కు

మనవాళ్ళలో తాత పేరు మనవడికి పెట్టడం ఆచారం. అందువల్ల ఒకే ఇంటిపేరుతో ఒకే పేరు తరం విడిచి తరం వస్తుంది, దాయాదుల ఇళ్ళల్లో ఒకే తరంలో ముగ్గురికీ ఉంటుంది. పేరు కలిసింది కదా అని కలిపేయకండి. తండ్రి పేరు, ఊరు కూడా కలవాలి. దత్తత వెళ్ళినవాళ్ళకు ఇంటిపేరు, తండ్రి పేరు రెండూ మారతాయి. ఇల్లరికపుటల్లుడు అత్తవారి ఊళ్ళోనే స్థిరపడితే కొన్ని కాగితాల్లో మామగారి ఇంట్లోనే కనిపిస్తాడు. ఒక శాఖ ఉన్నట్టుండి తెగిపోయినట్టు కనిపిస్తే, వంశం ఆగిపోయిందని రాసేముందు ఈ రెండూ చూడండి.

ఇంగ్లీషు కాగితాల్లో మన పేర్లు రాసినవాడి చెవిని బట్టి మారిపోయాయి. వెంకటస్వామి వెంకటసామి అయ్యాడు, సుబ్బారాయుడు సుబ్బరాయ్‌డు అయ్యాడు. సైన్యం కాగితాల్లో చాలాసార్లు ఇంటిపేరే ఉండదు, ఉన్నా ఒక పొడి అక్షరం. ఊర్ల పేర్లూ అంతే: కాకినాడ కొకనాడ, ఏలూరు ఎల్లూర్, కృష్ణా కిస్ట్నా. మీ ఊరి పేరును ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో ముందే ఒక పట్టిక రాసుకోండి. నా పట్టికలో తొమ్మిది రకాలు వచ్చాయి, అందులో నాలుగోది పనికొచ్చింది.

జిల్లాల మార్పులు తెలియకపోతే కళ్ళెదుట ఉన్న మనిషిని కూడా మీవాడు కాదనుకుని వదిలేస్తారు. 1859 దాకా ఈ ప్రాంతం రాజమండ్రి జిల్లా, ఆ తర్వాత గోదావరి జిల్లా. 1904లో తణుకు, భీమవరం, ఏలూరు, యర్నగూడెం తాలూకాలూ, నగరం దీవి మినహా నర్సాపురం తాలూకా కృష్ణా జిల్లాలోకి వెళ్ళాయి. 1925లో కృష్ణా నుంచి పశ్చిమ గోదావరి విడిపోయింది, పాత గోదావరి జిల్లా తూర్పు గోదావరి అయింది. కాబట్టి మొదటి ప్రపంచ యుద్ధంలోకి వెళ్ళిన భీమవరం మనిషి కాగితంలో కృష్ణా జిల్లావాడు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో కోనసీమ, కాకినాడ, ఏలూరు జిల్లాలు వచ్చాయి. ఒకే పేరున్న ఊళ్ళతో కూడా జాగ్రత్త. గోపాలపురం రావులపాలెం దగ్గర ఒకటుంది, కొవ్వూరు వైపు ఇంకొకటుంది.

జనగణన ఏమిస్తుంది, ఏమివ్వదు

అమెరికాలో ఉన్న మా అన్నయ్య కొడుకు ఫోన్ చేసి, “బాబాయ్, అక్కడ జనాభా లెక్కల్లో పేర్లు చూసుకోవచ్చు కదా, మనకూ చూడు” అన్నాడు. అమెరికాలో 72 ఏళ్ళు దాటితే, ఇంగ్లండులో 100 ఏళ్ళు దాటితే ఇంటింటి జాబితాలు జనం చూడటానికి పెడతారు. మన దగ్గర అలా లేదు. ఆ ఒక్క విషయం తెలియక నేను మూడు నెలలు తిరిగాను.

అప్పట్లో మన ప్రాంతం ఉన్న మద్రాసు రాజధానిలో, అంటే మద్రాసు ప్రెసిడెన్సీలో, 1871లో లెక్క జరిగింది. దేశమంతటా ఒకేసారి జరిగింది 1881లో. ఇంటింటికీ వెళ్ళి పేర్లు రాసుకున్న మాట నిజమే. అంకెలు పట్టికల్లోకి ఎక్కాక ఆ కాగితాలను దాచలేదు. పైగా 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఇంటి వివరాలను చూసే హక్కు ఎవరికీ లేదు, కోర్టులో సాక్ష్యంగానూ చెల్లవు. “పాత సెన్సస్ తీయించి ఇస్తాం” అని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

అలాగని జనగణన పనికిరాదని కాదు, మనిషిని చూపించకపోయినా ఊరిని చూపిస్తుంది. 1951 నుంచి వచ్చిన జిల్లా జనగణన పుస్తకాల్లో గ్రామాలవారీగా ఇళ్ళు, జనాభా వివరాలుంటాయి. వాటిలో చాలా భాగం జనగణన శాఖ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. మీవాళ్ళు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎప్పుడు వచ్చారన్న కథ ఉంటే, ఆ రెండు ఊళ్ళ అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టాలోకి నీళ్ళు వచ్చి సాగు పెరిగింది. మెట్ట నుంచి, ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డామని చెప్పుకునే కుటుంబాల కథలు చాలావరకు ఆ తర్వాతి తరాలవే. కులాలవారీ పూర్తి లెక్కలు 1931 వరకే ప్రచురించారు. అవి జిల్లా, తాలూకా స్థాయిలో ఉంటాయి. మీ కులంవాళ్ళు ఆ తాలూకాలో ఎంతమంది ఉండేవారో చూస్తే, ఒకే ఇంటిపేరున్న ఇద్దరు దాయాదులా కాదా అన్నది ఊహించడానికి కొంత ఆధారం దొరుకుతుంది. అది ఊహే, రుజువు కాదు.

పేర్లు కావాలంటే జనగణన బదులు ఓటర్ల జాబితాలు చూడండి. 1951–52 మొదటి సాధారణ ఎన్నికల నుంచి వయోజనులందరి పేర్లూ తండ్రి పేరు లేదా భర్త పేరుతో, వయసుతో, ఇంటి నంబరు వరసలో ఉంటాయి. ఒకే ఇంటి నంబరు కింద ఉన్నవాళ్ళంతా ఒక కుటుంబం కింద లెక్క. వయసులు మాత్రం అయిదారేళ్ళు అటూ ఇటూ ఉంటాయి. పంచాయతీ ఇంటిపన్ను డిమాండ్ రిజిస్టరు కూడా ఇలాంటిదే, ఇల్లు తండ్రి పేరు నుంచి కొడుకు పేరుకు మారిన సంవత్సరం అందులో తెలుస్తుంది.

పటాలం కాగితాలు

ఇక్కడ నిదానంగా వెళ్దాం. మన ప్రాంతం నుంచి సైన్యంలోకి వెళ్ళినవాళ్ళు మనం అనుకునే దానికన్నా ఎక్కువ. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలటరీ మాధవరం అని ఊరికే అనరు. రెండు ప్రపంచ యుద్ధాల నుంచీ అక్కడ ఇంటింటా సైనికులున్నారు. మన ఊళ్ళో పెద్ద కుటుంబం ఏదైనా, రెండో యుద్ధం కాలంలో ఒక్కడైనా మిలట్రీలో చేరి ఉంటాడు.

సైన్యం కాగితం గొప్పతనం ఏమిటంటే, అది మనిషిని ఇంటితో కలిపి రాస్తుంది. నంబరు, పేరు, తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా, దగ్గరి బంధువు ఎవరు అని. పెన్షన్ ఇవ్వాలి కాబట్టి భార్య పేరు రాస్తుంది. పొలం కాగితాల్లో ఎక్కడా కనిపించని ఆడవాళ్ళ పేర్లు ఇక్కడ కనిపిస్తాయి.

మీరు వెతికే మనిషి యుద్ధంలో చనిపోయారా, తిరిగొచ్చారా అన్నది ముందు తేల్చుకోండి. రెండింటికీ దారులు వేరు.

చనిపోయినవాళ్ళ కోసం కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటు ఉంది. ఉచితం. 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, మళ్ళీ 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు సేవలో పోయినవాళ్ళు అందులో ఉన్నారు, భారత సైనికులతో సహా. దహనం జరిగినా, శవం దొరకకపోయినా పేరు ఏదో ఒక స్మారకం మీద ఉంటుంది: బర్మాలో పోయినవాళ్ళది రంగూన్ శివార్లలోని టౌక్యాన్‌లో, మలయా, సింగపూర్‌లో పోయినవాళ్ళది క్రాంజిలో, మెసొపొటేమియాలో మొదటి యుద్ధంలో పోయినవాళ్ళది బస్రాలో, ఫ్రాన్సులో పోయినవాళ్ళది నవ్ షపెల్‌లో, ఇంకొందరివి ఢిల్లీలో, మద్రాసులో.

ఆ సైటులో అందరూ ఇంటిపేరుతో వెతికి, దొరకలేదని వదిలేస్తారు. నేనూ మొదట అదే చేశాను. ఇంటిపేరు గడి ఖాళీగా వదలండి. వివరంగా వెతికే పేజీలో అదనపు సమాచారం అనే గడి ఉంటుంది, అందులో ఊరి పేరు ఇంగ్లీషులో టైపు చేయండి. ఫలానా వారి కుమారుడు, ఫలానా ఊరు అన్న మాటలు రాసి ఉండేది అక్కడే. సేవ చేసింది భారత సైన్యం అని, ఏ యుద్ధమో ఎంచుకోండి. మీ పట్టికలోని ఊరి పేరు స్పెల్లింగులన్నీ ఒకదాని తర్వాత ఒకటి వేయండి. అప్పటికీ రాకపోతే తాలూకా పేరు వేసి, వచ్చినవాళ్ళందరినీ తండ్రి పేరు చూస్తూ చదవండి. ఒక సాయంత్రం పడుతుంది, అంతే.

చిన తాతయ్య అలాగే దొరికారు. రంగూన్ స్మారకం. ఇంటిపేరు లేదు, పేరులో రెండక్షరాలు తేడా. తండ్రి పేరు సరిపోయింది, ఊరు సరిపోయింది, తాలూకా సరిపోయింది. చివర ఫలానా ఆవిడ భర్త అని ఉంది. మా ఇంట్లో అందరూ ఆయన పెళ్ళి కాకుండా వెళ్ళారనే అనుకున్నారు. దాంతో ఇది ఇంకెవరో అనుకుని నేను ఆ పేజీని ఆరు నెలలు పక్కన పెట్టేశాను. తర్వాత నాన్నగారి మేనత్తను అడిగితే ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. “గోదావరి లంకలో పిల్లరా. మూడు నెలలు కాపురం చేసింది. వాడు పోయాక వాళ్ళవాళ్ళు తీసుకెళ్ళి మళ్ళీ పెళ్ళి చేశారు. మనవాళ్ళు పేరెత్తడం మానేశారు” అన్నారు. ఆవిడ పుట్టింటి ఊరు వెళ్ళి, ఆవిడ తమ్ముడిగారి ఇంట్లో అడిగితే ఒక పెన్షన్ కాగితం తీసిచ్చారు. దాని మీద ఉన్న సైనికుడి నంబరూ వెబ్‌సైటులోని నంబరూ ఒకటే.

తిరిగొచ్చినవాళ్ళను వెతకడం ఇంకొంచెం కష్టం. అందులో మొదటి మెట్టు నంబరు. డిశ్చార్జి పుస్తకం, పెన్షన్ పుస్తకం, పాత మనియార్డరు రసీదులు చూడండి. పతకాలుంటే అంచు చుట్టూ భూతద్దంతో చూడండి, చాలావాటి మీద నంబరు, హోదా, పేరు, యూనిట్ చెక్కి ఉంటాయి. రుద్ది మెరుగుపెట్టొద్దు, అక్షరాలు అరిగిపోతాయి.

నంబరు, యూనిట్ తెలిశాక ఆ యూనిట్ రికార్డు ఆఫీసుకు రాయాలి. మద్రాస్ రెజిమెంటు అయితే నీలగిరుల్లోని వెల్లింగ్టన్. మద్రాస్ సాపర్లు అంటే ఇంజనీర్లు అయితే బెంగళూరు. పయనీర్ కోర్, ఆర్మీ సర్వీస్ కోర్ దక్షిణ విభాగం రికార్డులు కూడా బెంగళూరే. వైద్య విభాగం లక్నో, యంత్రాలు, వాహనాలు బాగుచేసే ఈఎంఈ విభాగం సికింద్రాబాద్, ఫిరంగి దళం నాసిక్. ఒక చిన్న విషయం: పాత మద్రాసు పదాతి పటాలాలు 1920ల్లో రద్దయ్యాయి, 1940ల మొదట్లో మద్రాస్ రెజిమెంటును మళ్ళీ కట్టారు. 1930ల్లో మద్రాస్ రెజిమెంటులో చేశారని ఎవరైనా చెబితే యూనిట్ పేరు ఇంకోసారి సరిచూసుకోండి.

ఉత్తరంలో నంబరు, పేరు, తండ్రి పేరు, ఊరు, చేరిన సుమారు సంవత్సరం, మీకు ఆయన ఏమవుతారో, ఎందుకు అడుగుతున్నారో రాయండి. మీ ఇద్దరి బంధుత్వం తెలిపే కాగితం నకలు జత చేయండి. రెండు కాగితాలు అడగండి: ఒకటి షీట్ రోల్, అంటే చేరినప్పటి నుంచి వచ్చేసేదాకా ఉన్న సర్వీసు వివరాలు. రెండోది లాంగ్ రోల్‌లో ఆయన వరస నకలు. పెన్షన్ లేకుండా వచ్చేసినవాళ్ళ సర్వీసు కాగితాలను గడువు దాటాక తీసేస్తారు. లాంగ్ రోల్ అనే పెద్ద రిజిస్టరులో మాత్రం ఒక్క వరసైనా మిగులుతుంది. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల పోస్టల్ ఆర్డరుతో అడగొచ్చు. జవాబుకు గడువు 30 రోజులు. ఒక ఆఫీసు నుంచి నాకు మొదట “రికార్డు లేదు” అని ఒక్క వాక్యం వచ్చింది. లాంగ్ రోల్ అన్న మాట రాసి మళ్ళీ అడిగితే వరస నకలు పంపారు. ఆ మాట గుర్తుంచుకోండి.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలోనూ అడగండి. రెండో యుద్ధంలో చేసి పెన్షన్ లేనివాళ్ళకు, వాళ్ళ భార్యలకు ప్రభుత్వ సాయం వచ్చింది కాబట్టి దరఖాస్తులు ఉండే అవకాశం ఉంది. మాజీ సైనికుల కోటాలో ప్రభుత్వ భూమి తీసుకున్న ఇళ్ళల్లో డి-ఫారం పట్టా, దాని ఫైలు తహసీల్దారు ఆఫీసులో ఉంటాయి. లంక భూముల్లో ఇలాంటివి విన్నాను, చూశాను కూడా.

పొలం కాగితాలు

ఇక వెనక్కి వెళ్ళాలంటే భూమి కాగితాలే దారి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు నుంచి మొదలుపెట్టండి. దస్తావేజుల్లో “ఫలానా వారి కుమారుడు ఫలానా” అని తప్పకుండా ఉంటుంది. భాగపంపకాల దస్తావేజు దొరికితే అన్నదమ్ములందరూ ఒక్క కాగితంలో వస్తారు, వీలునామాలో కూతుళ్ళు కూడా వస్తారు. భూముల దస్తావేజులకు అక్కడ రెండు సూచికలుంటాయి: ఒకటో సూచిక మనుషుల పేర్లతో, రెండోది ఆస్తితో. 1983 తర్వాతి ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల జాబితా) ఆన్‌లైన్‌లో వస్తుంది. అంతకుముందుదానికి ఆఫీసులో దరఖాస్తు పెట్టి వెతికించాలి. పేరు తెలియకపోయినా సర్వే నంబరు తెలిస్తే రెండో సూచికతో వెనక్కి నడవొచ్చు.

తర్వాత రెవెన్యూ. ఏ పొలం ఎవరి సాగులో ఉందో చెప్పే అడంగల్, పట్టాదారుల ఖాతాలు చూపే 10(1) తెలిసినవే. వాటి వెనక రీసెటిల్మెంట్ రిజిస్టరు ఉంది, ఆర్‌ఎస్‌ఆర్ అంటారు. ఇంకా వెనక ఇంగ్లీషు, తెలుగు రెండింట్లో రాసిన డైగ్లాట్. అప్పటి పట్టాదారు పేరు సర్వే నంబరు పక్కనే ఉంటుంది. పాత లెక్కల్లో సంవత్సరం ఫసలీలో ఉంటుంది, దానికి 590 కలపండి. ఫసలీ 1350 అంటే 1940 జూలై నుంచి 1941 జూన్ దాకా. 1984లో కరణాల, మునసబుల వ్యవస్థ రద్దయినప్పుడు కొన్ని పాత లెక్కలు వాళ్ళ ఇళ్ళల్లోనే ఉండిపోయాయి. పూర్వపు కరణంగారి ఇల్లు మీ ఊళ్ళో ఉంటే మర్యాదగా వెళ్ళి అడగండి. గొలుసుకట్టు రాత చదవగల పెద్దలు ఇంకా కొద్దిమందే ఉన్నారు, ఈ పని వాయిదా వేయదగ్గది కాదు.

నేను చూసినవాటిలో అన్నిటికన్నా మంచిది ఈనాం ఫెయిర్ రిజిస్టరు. ఈనాం అంటే సేవకో పాండిత్యానికో పూర్వం ఇచ్చిన మాన్యం భూమి. 1858లో మద్రాసు ప్రభుత్వం ఈనాం కమిషన్ పెట్టి, ఎవరి ఈనాం ఏ హక్కుతో వచ్చిందో ఊరూరా విచారించింది. మొదట ఎవరికి ఇచ్చారు, ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది, వాళ్ళకు వీళ్ళేమవుతారు అని అందులో రాశారు. అర్చకులు, వేదపండితులే కాదు, ఊరి పనులకు ఈనాం ఉన్న మంగలి, చాకలి, కుమ్మరి, వడ్రంగి, వెట్టి కుటుంబాల పేర్లు కూడా ఉన్నాయి. మీ పొలాన్ని ఇప్పటికీ ఈనాం చేను అని పిలుస్తుంటే ఇది తప్పక చూడాలి. నకలు కోసం కలెక్టరేట్‌లో, అక్కడ లేకపోతే రాష్ట్ర ఆర్కైవ్స్‌లో, మద్రాసు ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో అడగాలి.

భూమి లేని కుటుంబాలకు ఈ దారి ఉండదు. వాళ్ళకు బడి అడ్మిషన్ రిజిస్టర్లు, చర్చి రిజిస్టర్లు, పటాలం కాగితాలే ముఖ్యం. నర్సాపురం చుట్టూ 1836 నుంచి గోదావరి డెల్టా మిషన్, రాజమండ్రిలో లూథరన్లు, 1874 నుంచి కాకినాడలో కెనడా బాప్టిస్టులు పనిచేశారు. బాప్తిస్మం, పెళ్ళి, సమాధి రిజిస్టర్లలో తల్లిదండ్రుల పేర్లు, ఊరు ఉంటాయి. సంఘ కాపరి దగ్గరకు వెళ్ళి, ఏ సంవత్సరాలు చూడాలో ముందే చెప్పి సమయం అడగండి.

సముద్రం దాటినవాళ్ళు, యానాం

“రంగం వెళ్ళాడు” అని ఆగిపోయిన పేరు ప్రతి పెద్ద కుటుంబంలోనూ ఒకటుంటుంది. రంగం అంటే రంగూన్. అక్కడికి వెళ్ళినవాళ్ళు మేస్త్రీల వెంట వెళ్ళారు, ఒప్పందపు కూలీల్లాగా ఒక్కొక్కరికీ రిజిస్టరు లేదు. వాళ్ళకు ఇంటి ఉత్తరాలు, మనియార్డర్లే ఆధారం. మారిషస్, దక్షిణాఫ్రికా, ఫిజీ వెళ్ళినవాళ్ళకు మాత్రం రికార్డు ఉంది. నటాల్ వెళ్ళిన ఓడల జాబితాలు 1860 నుంచి 1911 దాకా ఉన్నాయి, వాటిలో పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, తాలూకా, ఊరు రాశారు. మారిషస్ వెళ్ళినవాళ్ళవి అక్కడి మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. మనవాళ్ళను అక్కడ కొరంగీలు అన్నారు, కోరంగి రేవు నుంచి ఓడెక్కారు కాబట్టి.

యానాం కుటుంబాలది అదృష్టం. ఫ్రెంచివాళ్ళు జనన, మరణ, వివాహాలను రిజిస్టర్లలో రాశారు. పాతవాటిని ఫ్రాన్సులోని విదేశీ భూముల ఆర్కైవ్స్ వెబ్‌సైటులో పేజీలుగా ఉచితంగా చూడొచ్చు. మీ ఇంటి ఆడపడుచు యానాం కోడలైతే అక్కడ కూడా వెతకండి.

కలిపి కట్టడం

ఒక్కో మనిషికి ఒక నంబరు ఇవ్వండి. మూలపురుషుడికి 1. ఆయన పిల్లలకు పుట్టిన వరసలో 1.1, 1.2, 1.3. రెండోవాళ్ళ మూడో బిడ్డ 1.2.3. ఆడపిల్లలకూ వాళ్ళు పుట్టిన వరసలోనే నంబరు ఇవ్వండి, చివర్లో వేరే పట్టీ పెట్టొద్దు. మేనరికాల వల్ల ఒకే మనిషికి రెండు నంబర్లు వస్తాయి, ఒకదాని దగ్గర వివరం రాసి రెండో దగ్గర ఆ నంబరు చూడమని రాయండి. కంప్యూటరు వాడేవాళ్ళకు గ్రాంప్స్ అనే ఉచిత ప్రోగ్రాం సరిపోతుంది.

ప్రతి బంధానికీ, అంటే ఫలానావారు ఫలానావారి కొడుకు లేదా కూతురు అన్నదానికి, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆధారాలు ఉండేలా చూసుకోండి. రెండుంటే నల్ల సిరా, ఒకటే ఉంటే పెన్సిలు. మేనత్తగారి మాట ఒకటి, దస్తావేజు ఒకటి అయితే రెండు. ఒకే దస్తావేజును చూసి ఇద్దరు చెప్పిన మాట ఒక్కటే లెక్క. మా ఆరో తరంలో సగం ఇంకా పెన్సిలులోనే ఉంది.

పాత భూమి కాగితాలు బయటకు తీస్తే వాటాల గొడవలు లేస్తాయన్న టెన్షన్ ఉంటుంది, మాకూ వచ్చింది. మొదలుపెట్టకముందే పెద్దవాళ్ళందరికీ, ఇది పేర్ల కోసమే, పొలం కోసం కాదని చెప్పండి. బతికున్నవాళ్ళ పుట్టిన తేదీలు, ఆధార్ వివరాలు అందరికీ పంచే ప్రతిలో పెట్టొద్దు. దత్తతలు, రెండో పెళ్ళిళ్ళ విషయం రాసేముందు ఆ ఇంటివాళ్ళను అడగండి. చిన తాతయ్య భార్య పేరు రాయొచ్చా అని ఆవిడ రెండో పెళ్ళి పిల్లలను నేను అడిగాను. రాయమన్నారు, ఆవిడ ఫోటో ఒకటి కూడా ఇచ్చారు.

మన ఊళ్ళ తేమకు కాగితం నిలవదు. అసలు కాగితాలను లామినేషన్ చేయించకండి, కాటన్ గుడ్డలో చుట్టి రేకు పెట్టెలో, నేలకు ఎత్తులో పెట్టండి. ఫోటోలు తీసి కనీసం రెండు ఊళ్ళల్లో దాచండి, అందులో ఒకటి వరద రాని ఊరు కావాలి. మేము 2027 పుష్కరాలకు ప్రతి శాఖకూ తర్పణాల పేర్ల కాగితం ఒకటి అచ్చు వేసి ఇస్తున్నాం. అందులో చిన తాతయ్య పేరు పక్కన ఆవిడ పేరు కూడా ఉంది.